ఈ గింజలు ఎవరు కలిపిండ్రు?

(నల్లగొండలో పెన్షనర్ల నెలవారీ సమావేశంలో ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు (జబ్బుపడినవాళ్లు రోజువారీ పనులు చేసుకునేలా సాయపడే నిపుణురాలు) చేసిన ప్రసంగానికి ఇది రాతరూపం. సభికుల ప్రశ్నలను కూడా అడిగినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసకు వినబడుతోందా? వినబడనివాళ్లు చెయ్యెత్తండి. వాళ్లకు ఈ మాట కూడా వినబడదు కాబట్టి పక్కవాళ్లు ఎత్తండి. (నవ్వులు)

ఈ చాట పట్టుకొని బస్సెక్కితే కండక్టర్ అడిగాడు, "ఏం మేడమ్, పెండ్లి సామానా?" అని. కాదు నాయనా, ఉపన్యాసానికి అన్నాను. నమ్మలేదు.

మా అత్తమ్మ సంగతితో మొదలుపెడతాను. వాళ్లది దేవరకొండ వైపు పల్లె. డెబ్బై ఆరేళ్ల వయసులో ఆమెకు డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, అని తేలింది. అప్పటికి నేను ఈ వృత్తిలోకి వచ్చి పదకొండేళ్లు. బయట అందరికీ చెప్పే మనిషిని, ఇంట్లో చేసి చూపిస్తాను అనుకున్నాను. ఒక స్టీలు పళ్లెంలో పెసలు, కందులు, బబ్బెర్లు కలిపి ముందు పెట్టి, "అత్తమ్మా, ఇవి కొంచెం వేరు చెయ్యరా?" అన్నాను. చేతివేళ్లకు పని, కంటికి పని, బుర్రకు పని. పుస్తకంలో అలాగే ఉంటుంది.

ఆమె పళ్లెంలో వేళ్లు పెట్టి ఇటూ అటూ కదిపింది. నా ముఖం చూసింది. "ఈ గింజలు ఎవరు కలిపిండ్రు?" అంది. పొరపాటున కలిశాయి అన్నాను. ఏమీ అనకుండా వేరు చేసింది. నాకు సంతోషం. మర్నాడు మళ్లీ కలిపి పెట్టాను. మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ అదే అబద్ధం. మూడో రోజు పళ్లెం నెట్టేసింది. "తినే గింజతోని ఆటలా?" అంది. గింజలు ఫ్రిజ్ కిందికి పోయాయి. ఇప్పటికీ ఊడ్చినప్పుడల్లా ఒకటో రెండో బబ్బెర్లు బయటికొస్తాయి.

ఆ పూట ఏం తిన్నదో ఆమెకు గుర్తులేదు. నేను గింజలు కలిపిన సంగతి కూడా సాయంత్రానికి పోయింది. కానీ ఆ తర్వాత నెల రోజులు స్టీలు పళ్లెం కనబడితే చాలు, ముఖం తిప్పుకునేది. ఎందుకో ఆమెకే తెలియదు. సంగతి పోయింది, చిన్నబుచ్చుకోవడం ఉండిపోయింది. ఈ జబ్బులో అలాగే జరుగుతుంది. జరిగినదాన్ని దాచుకునే చోటు వేరు, జరిగినప్పుడు మనసుకు తగిలినదాన్ని దాచుకునే చోటు వేరు. మొదటిది ముందు పాడవుతుంది.

తర్వాత ఒక రోజు ఊరి నుంచి బియ్యం మూట వచ్చింది. మర బియ్యమే గానీ మట్టిగడ్డలు, రాళ్లు ఉన్నాయి. నేను గచ్చు మీద కూర్చొని ఒక్కొక్క రాయి ఏరుతున్నాను. ఆమె మంచం మీద నుంచి కాసేపు చూసి, లేచి వచ్చి, నా చేతిలో చాట గుంజుకుంది. "అట్ల కాదే, ఇటియ్యి."

తెలిసిన ఆడవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, చెప్పండి, చెరగడం వేరు, నేమడం వేరు కదా? పొట్టు ఎగిరిపోవాలంటే చెరగాలి, రాళ్లు ఒక పక్కకు రావాలంటే నేమాలి. రెంటికీ మణికట్టు తిప్పే తీరే వేరు. కోడలి పేరు ఒక్కోసారి తప్పు చెప్పే మనిషి, ఆ రెండూ ఒకదాని తర్వాత ఒకటి, ఎప్పుడు ఏది చెయ్యాలో ఎవరూ చెప్పకుండా, నలభై నిమిషాలు చేసింది. మధ్యలో ఒక్కసారి కూడా "మా ఊరికి పోతా" అనలేదు.

నేను ఆమెకు పరీక్ష పెట్టాను, ఆమె నా చేతిలోంచి పని తీసుకుంది. నేను ఈ రోజు చెప్పడానికి వచ్చింది ఇదే. మిగతా గంటంతా దీని వివరమే.

ముందు జబ్బు గురించి రెండు ముక్కలు. తాళంచెవి ఎక్కడ పెట్టానో మరిచిపోవడం జబ్బు కాదు, అది నాకూ ఉంది. తాళంచెవి చేతిలో పట్టుకొని ఇది దేనికి అని చూస్తుంటే అనుమానించాలి. దారి తప్పడం, జీవితమంతా వండిన పప్పు ఎలా వండాలో తెలియకపోవడం, పైసల లెక్క పోవడం, అడిగిందే పదిసార్లు అడగడం, ఇవన్నీ వయసు మీద పడింది అని వదిలేసేవి కాదు. అలాగని వెంటనే డిమెన్షియా అని ముద్ర కూడా వేయొద్దు. థైరాయిడ్ తక్కువైనా, బి12 తక్కువైనా, లోపల దిగులు పట్టుకున్నా మనిషి ఇలాగే ఉంటాడు. బాత్రూమ్‌లో జారిపడ్డాక తలలో మెల్లగా రక్తం గడ్డకట్టినా ఇలాగే ఉంటాడు. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ ఒక్కసారిగా అయోమయం అయితే మూత్రంలో ఇన్ఫెక్షనేమో చూడాలి. వీటిల్లో చాలావాటికి మందుంది. కాబట్టి చాట కంటే ముందు డాక్టరు.

మన దేశంలో అరవై దాటినవాళ్లలో నూటికి 7.4 మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన ఒక పెద్ద సర్వే లెక్క. అంటే 88 లక్షల మంది. పట్నాల కంటే పల్లెల్లో ఎక్కువ, మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఎక్కువ. "ఇది ఉన్నోళ్ల రోగం, మనకెక్కడిది" అని మన దగ్గర ఒక మాట ఉంది. ఆ లెక్క చూస్తే ఆ మాట అనలేం.

ఇక చేతుల సంగతి. అమెరికాలో హెన్రీ మొలైసన్ అని ఒకాయన. మూర్ఛ తగ్గడానికి 1953లో మెదడుకు ఆపరేషన్ చేసి, హిప్పోకాంపస్ అనే భాగాన్ని రెండు పక్కలా చాలావరకు తీసేశారు. మూర్ఛ తగ్గింది గానీ, ఆ తర్వాత కొత్త సంగతి ఏదీ ఆయన తలలో నిలవలేదు. ఇప్పుడే కలిసిన మనిషి బయటికి వెళ్లి వస్తే మళ్లీ కొత్త మనిషే. బ్రెండా మిల్నర్ అనే సైకాలజిస్టు ఆయనతో ఒక పని చేయించింది. అద్దంలో చూస్తూ కాగితం మీద నక్షత్రం బొమ్మ గీతల మధ్య పెన్సిల్ నడపాలి. మీరూ నేనూ చేసినా మొదట చెయ్యి ఎటో పోతుంది. ఆయన రోజురోజుకూ బాగా గీశాడు. కానీ ప్రతి రోజూ "నేనిది ఎప్పుడూ చేయలేదే" అనేవాడు. తలకు తెలియకుండా చెయ్యి నేర్చుకుంది!

డిమెన్షియాలో ఎక్కువగా కనబడే రకం ఆల్జీమర్స్. అది ముందుగా దెబ్బకొట్టేది ఆ హిప్పోకాంపస్ చుట్టుపక్కలనే. సైకిల్ తొక్కడం, జడ అల్లడం, రొట్టె కొట్టడం లాంటివి మెదడులో వేరే చోట ఉంటాయి. అక్కడిదాకా జబ్బు చేరడానికి చాలా కాలం పడుతుంది. ఆ కాలం మన చేతిలో ఉంది.

పోచంపల్లి వైపు ఒక నేతింటి పెద్దమ్మ. ఇద్దరు కొడుకుల్లో చిన్నవాణ్ణి పెద్దవాడనేది. నేతకు ముందు నూలు పోగును మేకుల చుట్టూ తిప్పడాన్ని ఆసు పోయడం అంటారు. ఇంట్లో ఆసు మిషన్ వచ్చాక చేత్తో ఆసు పోయడం మానేసి చాలా ఏండ్లయింది. కానీ కూర్చున్నచోట కుడిచెయ్యి ఊరికే గాల్లో తిరుగుతుండేది, అర్ధచంద్రంలాగా, అటు నుంచి ఇటు. ఇంట్లోవాళ్లు వణుకు రోగం అనుకొని మందు కూడా వాడించారు. ఆమె ముందు పాత ఆసు చట్టం పెట్టాం. ఒక దారం పోగు చేతికిచ్చాం. పోగు మేకులకు చుట్టుకుంటూ పోయింది, ఒకటి తప్పకుండా. ఆ చెయ్యి ఒక్కో చీరకు కొన్ని వేలసార్లు తిరిగిన చెయ్యి. మాకు వణుకులా కనబడింది, ఆమెకు అది పని.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఆ భుజం అప్పటికే అరిగిపోయి ఉంది. అందుకే రోజూ పావుగంటే, అదీ ఒక వారం చేసి, ఆ తర్వాత దారపు ఉండలు చుట్టడానికి మార్చాం. మనసుకు మంచిదని కీలును పాడుచేయలేం కదా.

మీలో రిటైర్డ్ సైన్సు మాస్టార్లు ఉన్నారు, రుజువేంటి అని అడుగుతారు. రెండు చెబుతాను. అమెరికాలో లారా గిట్లిన్ బృందం, మా వృత్తివాళ్లే ఇంటికి వెళ్లి, ఆ మనిషికి ఏమేం చేయడం చేతనవుతుందో చూసి, ఒకప్పుడు ఏం ఇష్టమో కనుక్కొని, దానికి తగిన పనులు తయారుచేసి, ఇంట్లోవాళ్లకు నేర్పే పద్ధతిని పరీక్షించింది. నాలుగు నెలల్లో ఎనిమిది సార్లు. 2008లో ఫలితం వచ్చింది. అడిగిందే అడగడం తగ్గింది, ఇంట్లో వెంటవెంట తిరగడం తగ్గింది. చూసుకునేవాళ్లకు కాస్త ఊపిరాడింది. రెండోది ఇంగ్లండ్‌లో, గుంపుగా కూర్చోబెట్టి చేసేది. వారానికి రెండుసార్లు, ఒక్కోటి ముప్పావుగంట, ఏడు వారాలు, మొత్తం పద్నాలుగు. పాటలు, వంటలు, పాత వస్తువులు, పేపర్లో వార్తలు, వీటి మీద కబుర్లు. 2003లో 201 మంది మీద చేసిన పరీక్షలో జ్ఞాపకశక్తి స్కోర్లు, బతుకు మీద తృప్తి, రెండూ మెరుగుపడ్డాయి. చెన్నైలో స్కార్ఫ్ అనే సంస్థ దీన్ని తమిళవాళ్లకు తగ్గట్టు మార్చింది. అక్కడివాళ్లు కోలం వేస్తే మనవాళ్లు ముగ్గు వేస్తారు, అంతే తేడా.

ఇవి జబ్బును నయం చేయవు. మందులు కూడా చేయవు. ఉన్న మందులు కొందరిలో కొంతకాలం కొంచెం నిలబెడతాయి. "ఈ ఆట ఆడిస్తే మతిమరుపు మాయం" అని ఫోన్లో వీడియోలు వస్తున్నాయి. వాటికి పైసలు కట్టకండి.

ఇప్పుడు పట్వారి గారి దగ్గరికి వస్తాను. మునుగోడు వైపు ఒక ఊరు, ఎనభై దాటిన మనిషి. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ కొలువులు రద్దు చేసేదాకా ఊరికి పట్వారి, అంటే ఊరి భూముల లెక్కలు రాసే మనిషి. ఇబ్బంది ఏంటంటే, సాయంత్రం నాలుగు కాగానే గుడ్డసంచి చంకలో పెట్టుకొని గేటు దగ్గరికి పోతాడు. "జమాబందీ ఉంది, తహసీల్దారు వస్తుండు, పోవాలె" అంటాడు. జమాబందీ అంటే ఊరి శిస్తు లెక్కల తనిఖీ. గేటుకు తాళం వేస్తే తాళాన్ని రాయితో కొడతాడు. ఆపడానికి పోయిన కొడుకును చేతికర్రతో కొట్టాడు. కొడుకు నా దగ్గరికి వచ్చినప్పుడు మోచెయ్యి వాచి ఉంది. నిద్రమాత్ర రాయించండి అన్నాడు.

జమాబందీ అంటున్నాడు గదా, జమాబందీ చేద్దాం అన్నాను. స్టేషనరీ దుకాణంలో పొడుగు లెక్కల పుస్తకం, స్కేలు, రెండు రంగుల పెన్నులు కొనమన్నాను. పుస్తకం ముందు పెడితే ఏం చేశాడనుకున్నారు? మొదట పేజీని అరచేత్తో తుడిచాడు. స్కేలు పెట్టి నిలువు గీతలు కొట్టాడు. పైన శీర్షికలు రాశాడు: సర్వే నంబరు, పట్టాదారు, విస్తీర్ణం, శిస్తు, పంట, కాస్తుదారు. ఎవరినీ అడగలేదు. అక్షరం గొలుసుకట్టు. శీర్షికలు రాశాక ఆగిపోయాడు. కింద ఏం నింపాలో తోచలేదు.

అప్పుడు మనవడు, హైదరాబాదులో చదివే పిల్లవాడు, నేను చెప్పకుండానే ఒక తెలివైన పని చేశాడు. వాళ్ల సొంత పొలం పాసుపుస్తకం తెచ్చి, "తాతా, మనదే మొదలు రాయి. నంబరు నేను చెప్తా" అన్నాడు. ముసలాయన పెన్ను అందుకున్నాడు. గేటు ముచ్చట లేదు ఆ రోజు.

ఇక రోజూ అదే. కానీ సమయం కీలకం. నాలుగింటికి ఆయన లేచాక పుస్తకం చూపిస్తే లాభం లేదు, అప్పటికే సంచి చంకలో ఉంటుంది. మూడున్నరకే బల్ల మీద ఉండాలి, పెన్ను మూత తీసి. మూత తీయకపోతే దాన్ని చూస్తూ కూర్చునేవాడు. ఇంత చిన్నదానికి అంత తేడా వస్తుందా అంటే, వస్తుంది. పని మొదలుపెట్టడం ఈ జబ్బులో అన్నింటికంటే కష్టం. మొదటి అడుగు మనం వేసి ఇస్తే రెండోది వాళ్లు వేస్తారు.

ఒక రోజు అంతా చెడింది. ఆయన విస్తీర్ణం కూడాడు. ఎకరాకు నలభై గుంటలు కదా, ఆయన వంద లెక్కన కూడాడు. కొడుకు లెక్కల టీచరు. నాలుక ఊరుకోలేదు. "నాయనా, తప్పు పడ్డది" అన్నాడు. పుస్తకం వాకిట్లో పడింది. మూడు రోజులు దాన్ని ముట్టలేదు. ఆ లెక్క ఏ తహసీల్దారుకూ పోయేది లేదు, ఆ కూడిక తప్పయితే ఎవరి భూమీ పోయేది లేదు. కానీ నలభై ఏళ్ల అలవాటున్న టీచరుకు ఎర్రపెన్ను కింద పెట్టడం ఎంత కష్టమో మీకు నేను చెప్పాలా? (నవ్వులు) ఇంట్లో రోగికి నేర్పించిన దానికంటే నేను ఆ కొడుక్కు నేర్పించిందే ఎక్కువ.

ఆరేడు నెలలకు అక్షరాలు చెదిరాయి. శీర్షికలు మేం ముందే రాసి పెట్టడం మొదలుపెట్టాం. తర్వాత రాయడం పోయింది, గీతలు కొట్టేవాడు. తర్వాత స్కేలు కుదరలేదు. అప్పుడు రబ్బరు ముద్ర, సిరా డబ్బా ఇచ్చాం. ఒక్కో పేజీకి ఒక్కో ముద్ర. చప్పుడు చేస్తూ బాగా గుద్దేవాడు. చివరి రోజుల్లో పేజీలు తిప్పడమే. తిప్పుతూ నిద్రపోయేవాడు. గేటు దగ్గరికి పోవడం పూర్తిగా ఆగిందా? లేదు. వారంలో ఏడు రోజులుండేది రెండు రోజులకు వచ్చింది. ఆ రెండు రోజులు కొడుకు తాళం తీసి, తనూ పక్కన నడిచి, వీధి చివర దాకా పోయి తీసుకొచ్చేవాడు.

పనిని మెట్లు మెట్లుగా దించుకుంటూ పోవడం అంటే ఇదే. రాయడం పోయిందని పుస్తకం తీసేస్తే ఆయన ఆ రోజే పట్వారి కాకుండా పోయేవాడు.

ఇదే ఆయన గురించి ఇంకొకటి. ఆయనకు ఉర్దూ వచ్చు. కోపమొస్తే ఉర్దూలోనే. మన పాత జిల్లాల్లో రెండు మూడు భాషలు సహజం. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం హైదరాబాదులో 648 మంది డిమెన్షియా రోగులను చూసి 2013లో ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చింది. బడి ముఖం చూడనివాళ్లలో కూడా ఆ తేడా కనబడింది. కాబట్టి మీ నాయన ఉర్దూలో తిడితే ఓపిక పట్టండి. (నవ్వులు)

మగవాళ్ల సంగతే నాకు ఎక్కువ టెన్షన్. ఆడవాళ్లకు చాట ఉంది, పూలదండ ఉంది, చిక్కుడుకాయ ఉంది, ఉతికిన బట్టల మడత ఉంది. ముప్పై ఏళ్లు కుర్చీలో కూర్చొని సంతకాలు పెట్టి వచ్చిన మగమనిషికి ఇంట్లో ఏ పని తెలుసు? (ముందు వరుసలో నవ్వులు) నవ్వుతున్నారు గానీ, ఇక్కడున్న మగవాళ్లు ఇవాళే ఇంట్లో ఒక పని నేర్చుకోండి. జబ్బు వచ్చాక కొత్తది నేర్వడం కష్టం. కొబ్బరికాయ పీచు తీయడం, మొక్కలకు నీళ్లు పోయడం, ఏదో ఒకటి.

ఒక చోట, పేరెందుకు, పగటిపూట పెద్దవాళ్లను ఉంచుకునే కేంద్రంలో, బొమ్మలకు రంగులు వేసే పిల్లల పుస్తకాలు పంచారు. కుందేలు, ఏనుగు. రిటైర్డ్ హెడ్మాస్టర్ ఒకాయన పుస్తకం తిరగేసి, ఆయాను పిలిచి, "అమ్మా, ఏ క్లాసు పిల్లలవి ఇవి? వాళ్లకు ఇచ్చేయి" అన్నాడు. అక్కడ ఆయన రోగం కనబడలేదు, మన తెలివితక్కువతనమే కనబడింది. ఆయనకు పాత తెలుగు పేపర్లు ఇచ్చి, పైకి చదవమని, మిగతావాళ్లను వినమని కూర్చోబెట్టాం. కళ్లజోడు పెట్టుకుంటే శుభ్రంగా చదివాడు. చదివింది అర్థమైందా లేదా అని అడగలేదు.

కళ్లజోడు అన్నాను కదా. మా అత్తమ్మకు స్టీలు పళ్లెం నచ్చకపోవడానికి ఇంకో కారణం ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ట్యూబ్‌లైటు వెలుగు పళ్లెంలో మెరిసి గింజ కనబడేది కాదు. ముదురు రంగు గుడ్డ మీద బియ్యం పోస్తే కనబడుతుంది. శుక్లాలు ఉంటే ఆపరేషన్ చేయించండి. చెవిలో గుమిలి ఉంటే తీయించండి. వినికిడి, చూపు తగ్గి పట్టించుకోకపోతే డిమెన్షియా ముప్పే పెరుగుతుందని లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో చెప్పింది.

మన జిల్లాకు సొంతమైన ఇబ్బంది మరొకటి. మర్రిగూడ, మునుగోడు వైపు ఎన్నో ఏళ్లు ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పెద్దవాళ్లకు నడుము వంగదు, మెడ తిరగదు. వాళ్లను కింద కూర్చోబెట్టి ముగ్గు వేయమనడం హింస. ఎత్తు బల్ల మీద, సరిగ్గా కళ్లకు ఎదురుగా పెట్టాలి. పక్కన పెడితే లేనట్టే.

గింజల గురించి భయపెట్టే మాట ఒకటి చెప్పాలి, దయచేసి గుర్తుపెట్టుకోండి. మన దగ్గర, పాలమూరులో, ఆముదాలు ఎక్కువ పండించేవాళ్లు. చాలా ఇళ్లల్లో ముసలివాళ్లకు వాటిని వొలిచిన అలవాటు ఉంటుంది. అలవాటైన పని కదా అని ఆముదం గింజలు చేతికివ్వకండి. జబ్బు ముదిరినవాళ్లు ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటారు. ఆముదం గింజ నమిలితే విషం. గురివింద గింజ కూడా అంతే. శనగలు, బఠానీలు గొంతుకు అడ్డం పడొచ్చు. నోట్లో పెట్టుకునే అలవాటు మొదలైతే గింజల పని ఆపి బట్టల పనికి మారండి.

పాత ముచ్చట్లు కూడా ఒక పనే. సాగర్ కట్టకు రాయి మోసిన తాత ఒకాయన, డ్యాం ఫోటో చూపిస్తే గంటసేపు మాట్లాడాడు, కూలి ఎంతో, తట్ట ఎత్తింది ఎవరో. కానీ పాతదంతా తియ్యగా ఉండదు. ఒక అవ్వను చిన్నప్పటి ఊరి గురించి అడిగితే, రజాకార్లు వచ్చిన రాత్రి జొన్నచేలో దాక్కున్నది యాదికొచ్చి, "దీపం ఆర్పుండ్రి, దీపం ఆర్పుండ్రి" అని ఆ రాత్రంతా నిద్రపోలేదు. అడిగింది నేనే. ఇప్పుడు ఇంట్లోవాళ్లను కనుక్కోకుండా ఎవరినీ ఏమీ అడగను.

పాటకు ఆ ప్రమాదం తక్కువ. ఏడాదిగా మాట పడిపోయిన ఒక అమ్మ, బతుకమ్మ చుట్టూ వీధిలో ఆడవాళ్లు తిరుగుతుంటే, కుర్చీలో కూర్చొని "ఉయ్యాలో" అని వంత అందుకుంది. తాళం తప్పలేదు. తంగేడు, గునుగు ఆ రుతువులోనే దొరుకుతాయి. మిగతా రోజుల్లో కూతురు బంతిపూలతోనే తాంబాళంలో పేర్పిస్తోంది. ఒక్కో వరుస పేర్చడానికి చాలాసేపు పడుతుంది. పట్టనివ్వండి, బస్సేమీ తప్పిపోదు.

ఇప్పటిదాకా చెప్పిందంతా ఇంట్లో చెయ్యాల్సింది ఎవరు? కోడలు. లేకపోతే కూతురు. పాలమూరు వైపు పోతే అదీ లేదు, కొడుకు కోడలు పూణేలో, ముంబైలో పనిలో ఉంటారు, డెబ్బై ఏళ్ల భార్య డెబ్బై ఐదేళ్ల భర్తను చూసుకుంటోంది. ఆమెకు "రోజూ నాలుగు రకాల యాక్టివిటీలు" అని చార్టు ఇచ్చి రావడం నాకు సిగ్గుగా ఉంటుంది. ఒక్కటి చాలు అంటాను, సాయంత్రం పావుగంట. అదీ మీరు ఎలాగూ చేసే పనిలోనే ఒక ముక్క తనకివ్వండి. మీరు వెల్లుల్లి వొలిస్తే పొట్టు ఊదడం తనకు. సాయం కావాలంటే పెద్దవాళ్ల కోసం 14567 అనే ఫోన్ నంబరు ఉంది, ఉచితం. చూసుకునేవాళ్లకు మనసు బాగాలేకపోతే 14416, అదీ ఉచితమే, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: మేడమ్, మా ఆయన చేసిన పని మళ్లీ నేను చెయ్యాల్సి వస్తోంది. బట్టలు మడత పెడతడు, అన్నీ ఉండలు చుడతడు. ఇంకెందుకు?

మీరు మళ్లీ మడత పెట్టండి, కానీ ఆయన ముందు వద్దు. ఆయన నిద్రపోయాక. టవల్సు, పాత పంచెలు మాత్రమే ఇవ్వండి, ఇస్త్రీవి ఇవ్వకండి. ఆ అరగంట మీరు వంటింట్లో ప్రశాంతంగా ఉన్నారా? ఉన్నారు కదా. అంతే లెక్క.

ప్రశ్న: టీవీ పెడితే చాలదా? పొద్దంతా చూస్తడు మా నాయన.

చూస్తున్నారా, టీవీ వైపు తిరిగి కూర్చున్నారా? ఒకసారి కట్టేసి చూడండి. గమనించకపోతే ఆయన చూడట్లేదన్నట్టు. పైగా సీరియల్లో కొట్లాట మన ఇంట్లోనే జరుగుతోందని భయపడేవాళ్లున్నారు.

ప్రశ్న (ఒక మహిళ): పొద్దు మునిగితే చాలు, మా అమ్మ "మీ నాయన ఏడి, ఇంకా రాలే" అంటది. నాయన పోయి పదేండ్లాయె. చెప్తే అప్పుడే తెలిసినట్టు ఏడుస్తది. రోజూ చెప్పాల్నా?

వద్దమ్మా. రోజూ చెబితే రోజూ కొత్త చావే ఆమెకు. వస్తాడని అబద్ధం కూడా చెప్పకు, వాకిట్లో కూర్చుంటుంది. నాయన గురించే అడుగు. ఆయనకు ఏ కూర ఇష్టం ఉండె?

సభికురాలు: గోకరకాయ.

అయితే రేపు నాలుగింటికే, పొద్దు మునగక ముందే, పావుకిలో గోకరకాయ ఆమె ముందు పెట్టు. కత్తిపీట వద్దు, చేత్తో తుంచేవే. మొదటి కాయ నువ్వు తుంచి గిన్నెలో వెయ్యి. నాయనకు ఎట్ల వండేదానివి, పల్లీల పొడి వేసేదానివా అని అడుగు. చెప్పినా, చెప్పకపోయినా, ఆమె పక్కన కూర్చొని తుంచుతూ ఉండు.